ఇటు ఏడంగుళాలు, అటు ఏడంగుళాలు

గవర్నర్ డ్రమండ్ ఆ మాట అన్నది అక్టోబరు మొదటి మంగళవారం, పక్క కౌంటీలోని సంత మైదానంలో, ఎనిమిది వేల మంది ముందు. "వాబెక్ అని ఒక ఊరుంది. అక్కడొక ముసలావిడ నీలం పెట్టెలో ఓట్లు తెచ్చి బల్ల కింద దాచింది. వీడియో ఉంది, చూసుకోండి" అన్నాడు. అధ్యక్ష పదవికి నిలబడ్డవాడు అన్నాడంటే ఇంకేముంది, రెండు రోజుల్లో నలభై లక్షల మంది చూసేశారు. వీడియో అంతా కలిపి పన్నెండు సెకన్లు. ఏప్రిల్‌లో పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక జరిగిన రోజు, వాబెక్ టౌన్‌హాల్లో ఒకావిడ బల్ల కింద నుంచి నీలం రంగు ఐస్‌పెట్టె బయటికి లాగుతుంది. అటూ ఇటూ చూస్తుంది. మూత తెరుస్తుంది. అక్కడితో వీడియో ఆగిపోతుంది.

ఆవిడ పేరు వెర్నా స్కూబల్. డెబ్బై నాలుగేళ్లు. వాబెక్ బడిలో ముప్ఫై ఏళ్లు వంట చేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి ఎన్నికకీ టౌన్‌హాల్లో ఓటర్ల పుస్తకం ముందు కూర్చుంటోంది. పొద్దున ఆరింటికి కూర్చుంటే పోలింగ్ ముగిసేదాకా కదలడానికి ఉండదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లు తలా ఒక వంటకం తెచ్చుకోవడం ఎప్పటినుంచో అలవాటు. వెర్నా తెచ్చేది కొలాచీలు, అంటే మధ్యలో గుంట చేసి గసగసాల ముద్దో ప్లం పండ్ల ముద్దో పెట్టి కాల్చిన తీపి బన్నులు. ఓటేయడానికి వచ్చినవాళ్లకు పెట్టొద్దని ఊళ్లో ఎన్నికలు నడిపే టౌన్ గుమస్తా జనీన్ చెబుతూనే ఉంటుంది. వెర్నా వినదు. జనీన్ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి మరీ పెడుతుంది.

ఆ రోజు మూత తెరిచాక పదమూడో సెకనులో పెట్టెలోకి వెళ్లిన చెయ్యి మార్లిస్ టోలెఫ్‌సన్‌ది.

మార్లిస్ 'వాబెక్ క్రానికల్' పత్రికలో ఇరవై రెండేళ్లుగా ప్రతి గురువారం వ్యాసం రాస్తోంది. ఉదారవాది అని పేరు. ఊళ్లో సగం మంది ఆమెను తిట్టడానికే చదువుతారు. ఈ ఎన్నికల్లో ఆమె అభ్యర్థుల మీద కంటే పత్రికల మీదే ఎక్కువ మండిపడింది. డ్రమండ్ అబద్ధం చెబితే అబద్ధం అని రాయరు, 'వివాదాస్పద వ్యాఖ్య' అని రాస్తారు. అతని ప్రత్యర్థి సెనేటర్ వాస్ గట్టిగా నవ్వితే ఆ నవ్వు మీద టీవీలో మూడు రోజులు నలుగురు కూర్చుని చర్చిస్తారు. ఇదేం పోయేకాలం అని మార్లిస్ వారం వారం రాస్తూనే ఉంది. చదివినవాళ్లు చదివారు. టీవీలు మాత్రం మారలేదు.

గురువారం పొద్దున్నే వెర్నా ఫోన్ చేసింది.

"ఏం పిల్లా, చూశావా నన్ను? టీవీలో లావుగా ఉన్నానా?"

"మిసెస్ స్కూబల్, మీరెలా ఉన్నారు?"

"ఎలా ఉంటాను. ఫోను ఆగట్లేదు. టెక్సస్ నుంచి ఎవడో చేసి నన్ను జైల్లో కుళ్లబెడతానన్నాడు. పోస్టు డబ్బాలో చచ్చిన ఎలకని వేసి పోయారు. నాకు ఎలకలంటే భయం లేదనుకో, బడి వంటగదిలో ఎన్ని చంపలేదు." గొంతు తగ్గించింది. "జనీన్ ఫోన్ చేసిందే. నవంబర్లో నేను కూర్చోవాలా వద్దా అని ఆలోచిస్తున్నారట."

"ఎవరు ఆలోచించేది?"

"ఎవరో. చూడు, నాకు పెద్ద వ్యాసాలేం వద్దు. అది కొలాచీల పెట్టె అని ఒక్క ముక్క రాయి చాలు. నువ్వు రెండు తిన్నావు కదా. డేల్ కూడా తిన్నాడు, గసగసాలవి వద్దు ప్లంవి కావాలని అడిగి మరీ తిన్నాడు వెధవ. నా కుర్చీ నాకుంటే చాలు."

డేల్ క్యూన్ ఊళ్లో ట్రాక్టర్ల విడిభాగాలు అమ్ముతాడు. డ్రమండ్ పార్టీ తరఫున పరిశీలకుడిగా వచ్చి గోడ పక్కన నిలబడి ఆ వీడియో తీసింది అతనే. చిన్నప్పుడు మార్లిస్‌కీ డేల్‌కీ మధ్యాహ్నం పళ్లెంలో అన్నీ వడ్డించింది వెర్నాయే. డేల్‌కి ఎప్పుడూ ఒక గరిటె ఎక్కువే పడేది.

మార్లిస్ అప్పటికప్పుడు కూర్చుని ఆరు వందల పదాలు రాసింది. ఆ రోజు తను ఓటేయడానికి వెళ్లింది, పెట్టె తెరుచుకుంది, తను చెయ్యి పెట్టింది, రెండు తీసుకుంది. గవర్నర్ చెప్పింది పచ్చి అబద్ధం. 'అబద్ధం' అనే మాటే వాడింది. రాస్తుంటే ఎన్నాళ్లకో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ ఎవరో చూసినదాని మీద, ఎవరో అన్నదాని మీద రాసింది. ఇది తన కళ్లతో చూసింది, తన నోటితో తిన్నది. దీన్ని ఎవరు కాదంటారు అనుకుంది.

సంపాదకుడు గ్రాంట్ ప్రూయిట్ కాదన్నాడు.

గ్రాంట్ చెడ్డవాడు కాదు. అదే చిరాకు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఎన్నికల కాలం వచ్చిందంటే అతని బల్ల మీద ఒక ఉక్కు కొలబద్ద ఉంటుంది. ఇద్దరు అభ్యర్థుల వార్తలనూ రోజూ అంగుళాల్లో కొలుస్తాడు. ఒకరికి అర అంగుళం ఎక్కువ పడితే రెండో వాళ్లకు మర్నాడు కలుపుతాడు. పాఠకులు ఎవరైనా పక్షపాతం అంటూ ఫోన్ చేస్తే ఆ అంకెలు చదివి వినిపిస్తాడు. దాన్నే నిజాయితీ అనుకుంటాడు.

అతను వ్యాసం రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"నువ్వు నిజంగా తిన్నావా?"

"తిన్నాను. రెండు."

"అయితే ఇది నువ్వు రాయడానికి వీల్లేదు మార్లిస్."

ఆమెకు అర్థం కాలేదు. "ఏం?"

"నువ్వు సాక్షివి. పైగా ఎన్నికల సిబ్బంది పెట్టింది తిన్నావు. వార్తలో ఉన్నవాళ్ల దగ్గర ఏదైనా పుచ్చుకున్నవాళ్లు ఆ వార్త జోలికి పోకూడదు. మన నియమావళిలోనే ఉంది."

ఉన్న మాట నిజమే. ఆ నియమం రాసింది మార్లిస్సే. తొమ్మిదేళ్ల కింద ఒక విలేకరి కాగితం మిల్లు యజమాని వేట బంగళాలో వారం రోజులు గడిపొచ్చి మిల్లును మెచ్చుకుంటూ రాశాడు. అప్పుడు మార్లిస్ కోపంతో ఊగిపోయి, కాఫీ చుక్కయినా సరే పుచ్చుకోకూడదని పట్టుబట్టి రాయించింది. ఆ రోజు గ్రాంట్ ఆమె చెయ్యి పట్టుకుని అభినందించాడు.

"అది మిల్లు గ్రాంట్. ఇది బన్ను."

"నియమం నియమమే కదా."

"అంటే పెట్టెలో ఏముందో తెలిసినవాళ్లు రాయకూడదు. తెలియనివాళ్లు రాయాలి. అంతేనా?"

"ఏ పక్షం లేనివాళ్లు రాయాలి. నేను రాస్తాను. నువ్వు చెప్పింది నీ మాటగా వేస్తాను, వాళ్లు చెప్పింది వాళ్ల మాటగా వేస్తాను."

"డేల్‌ని అడుగు. వాడూ తిన్నాడు."

"అడిగాను. గుర్తులేదన్నాడు."

"జనీన్‌ని అడుగు. అక్కడున్న మిగతావాళ్లని అడుగు."

"అడిగాను. పేరు వేస్తానంటే ఒక్కళ్లూ మాట్లాడట్లేదు. వాళ్లకూ పోస్టు డబ్బాలున్నాయి కదా."

"ఆవిడకి కావాల్సింది ఒక్క వాక్యం. ఆ పెట్టెలో ఓట్లు లేవు అని. ఆ ఒక్క వాక్యం నీ పేరుతో రాయి. నేను రాజీనామా చేసి పోతాను, నియమం కూడా నిలుస్తుంది."

గ్రాంట్ కొలబద్దను ఇటు నుంచి అటు జరిపాడు. "ఆ పెట్టెలో ఏముందో నేను చూడలేదు కదా" అన్నాడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు, మార్లిస్‌కి ఒళ్లు మండింది అందుకే.

శనివారం సంచిక మొదటి పేజీలో వచ్చింది: 'నీలం పెట్టెపై భిన్న వాదనలు'. ఎడమ పక్క డ్రమండ్ ప్రచార బృందం మాటలు ఏడంగుళాలు. కుడి పక్క ఏడంగుళాలు. కుడి పక్కన ఇలా ఉంది: 'సెనేటర్ వాస్‌కు అనుకూలంగా రాస్తూ వచ్చిన వ్యాసకర్త మార్లిస్ టోలెఫ్‌సన్ తాను ఆ పెట్టెలోంచి తినుబండారం తీసుకున్నానని అంటున్నారు. ఆమె వాదనను స్వతంత్రంగా ధ్రువీకరించడం సాధ్యపడలేదు.'

సాధ్యపడలేదట. ఇరవై రెండేళ్లు పక్క గదిలో కూర్చున్న మనిషి మాట సాధ్యపడలేదు, సంత మైదానంలో అరిచినవాడి మాటకు మాత్రం ఏడంగుళాలు సాధ్యపడ్డాయి. మార్లిస్ ఆ పేజీని వంటింటి బల్ల మీద పెట్టి మూడుసార్లు చదివింది. ఇన్నాళ్లూ తను తిట్టిన రాతలన్నిటిలాగే ఉంది. ఇప్పుడు అందులో ఒక పక్షం తనే అయింది. తన నోటి సాక్ష్యాన్ని తీసుకెళ్లి తక్కెడ ఒక పళ్లెంలో వేసి, రెండో పళ్లెంలో అబద్ధాన్ని వేసి, రెండూ సమానంగా తూగాయని చూపించారు.

సాయంత్రానికి డ్రమండ్ మనుషులు దాన్ని పట్టుకున్నారు. 'ముసలావిడ తరఫున సాక్ష్యం చెబుతున్నది ఎవరో చూశారా? వామపక్ష పాత్రికేయురాలు. ఇద్దరూ కుమ్మక్కు.' టీవీ వాళ్లు మార్లిస్ పాత వ్యాసాల్లో వాక్యాలు తీసి తెర మీద చదివారు. ఒక చర్చలో కూర్చున్న పెద్దమనిషి, వాస్‌ని సమర్థించేవాడే, "ఇలాంటివి మన పక్షానికి నష్టం, ఓటర్లకు బన్నులు పంచకుండా ఉండాల్సింది" అని నిట్టూర్చాడు. మార్లిస్ టీవీ కట్టేసింది. డ్రమండ్ కంటే ఈ నిట్టూర్చేవాడి మీదే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది.

సోమవారం ఆమె వెర్నా ఇంటికి వెళ్లింది. వెర్నా పోస్టు డబ్బా ఊడదీసి వరండాలో పెట్టుకుంది.

"జనీన్ వచ్చి వెళ్లింది" అంది వెర్నా. "గొడవ సద్దుమణిగేదాకా ఇంట్లో ఉండమంది. సద్దుమణిగేది ఎన్నికలయ్యాకే కదా అన్నాను. ఏడ్చింది పాపం."

"నన్ను క్షమించండి."

"నిన్ను ఒక్క ముక్క రాయమన్నాను. నువ్వు నీ పేరు తీసుకెళ్లి నా పక్కన పెట్టావు. ఇప్పుడు నేను వాస్ మనిషినట. పిల్లా, నేను ఎవరికి ఓటేస్తానో చచ్చిపోయిన నా మొగుడికి కూడా చెప్పలేదే."

మార్లిస్ తలుపు దగ్గర నిలబడి మళ్లీ క్షమించమంది. వెర్నా లోపలికి రమ్మనలేదు. మార్లిస్ అటు నుంచి అటే పత్రిక ఆఫీసుకు వెళ్లి తన బల్ల ఖాళీ చేసింది. "ఎన్నికలయ్యాక మాట్లాడుకుందాం" అన్నాడు గ్రాంట్. "నీతోనా, నీ కొలబద్దతోనా?" అని ఆమె పెట్టె పట్టుకుని బయటికి నడిచింది.

నవంబర్లో ఎన్నికల రోజు వాన సన్నగా పడుతోంది. మార్లిస్ పదింటికి టౌన్‌హాల్‌కి వెళ్లింది. గోడకు కొత్త కాగితం అంటించారు, బయటి ఆహారం లోపలికి తేకూడదని. భయపడి ముగ్గురు తప్పుకోవడంతో మనుషులు చాలక జనీన్ దొరికినవాళ్లని కూర్చోబెట్టింది. వెర్నా కుర్చీలో డేల్ క్యూన్ ఉన్నాడు.

"పేరు, చిరునామా చెప్పండి" అన్నాడు డేల్ తల ఎత్తకుండా.

"ఒకటో తరగతి నుంచి నా వెనక బెంచీలో కూర్చున్నావు డేల్."

"పేరు, చిరునామా."

ఆమె చెప్పింది. గుర్తింపు కార్డు చూపించింది. సంతకం పెట్టింది. డేల్ పుస్తకంలో ఆమె పేరు పక్కన ఒక నంబరు వేసి, అదే నంబరు చీటీ మీద రాసిచ్చాడు. పక్కన కూర్చున్నావిడ సరిచూసుకోవడానికి ఉంచే రెండో పుస్తకంలోనూ అదే వేసింది. ఆమె చీటీ తీసుకుని పక్కకు జరిగింది. అప్పుడు చూసింది, వరుసలో తన వెనక వెర్నా నిలబడి ఉంది. తలకు ప్లాస్టిక్ వాన టోపీ. చేతుల్లో ఏమీ లేదు. గదిలో వాళ్లంతా అటు తిరిగారు.

"పేరు, చిరునామా" అన్నాడు డేల్. అతని మెడ ఎర్రబడింది.

"వెర్నా స్కూబల్. నూట పధ్నాలుగు, మిల్ రోడ్డు." బడిలో పిల్లల్ని వరుసలో నిలబెట్టినప్పటి గొంతుతో, గది చివరిదాకా వినబడేలా చెప్పింది.

"గుర్తింపు కార్డు."

ఇచ్చింది. డేల్ ఫొటో చూశాడు, మొహం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. మార్లిస్‌కి అతన్ని కాలర్ పట్టుకుని లేపాలనిపించింది. అతను పుస్తకం తిప్పి వెర్నా ముందు పెట్టాడు. వెర్నా కలం తీసుకుంది కానీ సంతకం పెట్టలేదు. పేజీ మీద వేలు జరుపుతూ వెళ్లి రెండు పేర్ల దగ్గర ఆగింది.

"డేల్, ఇది చూడు. ఈ అమ్మాయికి రెండు వందల పన్నెండు వేశావు. ఈ అమ్మాయికి ముందు వచ్చిన ఆయనకీ రెండు వందల పన్నెండే వేశావు."

డేల్ వంగి చూశాడు.

"ఇద్దరికీ ఒకే నంబరు పడితే రాత్రి పుస్తకంలో ఒకటి తక్కువుంటుంది, పెట్టెలో ఓటు ఒకటి ఎక్కువుంటుంది. అప్పుడు ఎవరో దొంగ ఓటు వేశారంటారు. ఈ ఊళ్లో ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అలా జరగలేదు." ఆవిడ మార్లిస్ వైపు చెయ్యి చాపింది. "ఆ చీటీ ఇలా ఇవ్వు పిల్లా."

మార్లిస్ చీటీ ఇచ్చింది. వెర్నా దాన్ని డేల్ ముందు పెట్టింది. "దిద్దు. కొట్టేసి పక్కన రాయి, చెరపకు. పక్కన నీ పొట్టి సంతకం పెట్టు. రెండో పుస్తకంలో కూడా."

డేల్ దిద్దాడు. మార్లిస్ పేరు పక్కనా చీటీ మీదా రెండు వందల పన్నెండు కొట్టేసి రెండు వందల పదమూడు వేశాడు. రెండో పుస్తకం దగ్గర కూర్చున్నావిడా దిద్దింది. గోడ పక్కన గ్రాంట్ కెమెరా మెడలో వేసుకుని నిలబడి అంతా చూస్తున్నాడు. మార్లిస్ అతని మొహంలోకి చూసింది. ఈసారి అతను కూడా సాక్షే. అతను కళ్లు దించుకుని కెమెరాకు మూత పెట్టాడు.

వెర్నా తన పేరు పక్కన సంతకం పెట్టి, రెండు వందల పధ్నాలుగో నంబరు చీటీ తీసుకుని, ఓటు వేయడానికి వెళ్లింది.