మంచినీళ్ళకి దిగిన తండ్రి

తాళాల మేస్త్రి రైలెక్కాడంటే దిగాల్సిన ఊరు వచ్చేదాకా కింద కాలు పెట్టడు. గొంతు పిడచకట్టుకుపోయినా, కుళాయి కళ్ళెదురుగా కనిపిస్తున్నా కదలడు. తల్లి పోయాక తనే పెంచిన కూతురు పక్కనుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ పిల్లకిప్పుడు ఇరవై దాటాయి. అయినా రైల్లో ఆమె చెయ్యి పట్టుకునే కూర్చుంటాడు.

దీనికంతటికీ కారణం ఒక పాత నలుపు తెలుపు సినిమా. చిన్నప్పుడు అక్కయ్య తీసుకెళ్ళింది. అందులో ఒక తండ్రి కూతుర్ని రైలుపెట్టెలో కూర్చోబెట్టి, చెంబు పట్టుకుని మంచినీళ్ళకి దిగుతాడు. కుళాయి దగ్గర జనం. ఈలోగా రైలు కదులుతుంది. తెర మీద పిల్ల "నాన్నా" అని పిలిచేసరికి హాల్లో మనవాడు అంతకంటే పెద్దగా ఏడుపు లంకించుకున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు కసిరారు. అక్కయ్య వాణ్ణి చంకనేసుకుని బయటికి తెచ్చేసింది.

ఇంటికొచ్చాక, తర్వాత ఏమైందని అడిగాడు. "ఏముంది, ఆ తండ్రి రైలు కింద పడి పోయాడు," అంది అక్కయ్య. ఆవిడకి తెలియని విషయం లోకంలో ఉండదని వాడి నమ్మకం. ఆవిడ నమ్మకమూ అదే.

ఇప్పుడు కూతురికి కళ్ళద్దాల కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. రాత్రంతా రైల్లో వెళ్ళాలి. సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మేస్త్రి ససేమిరా అన్నాడు. పోనీ తనూ వచ్చి అక్కడే కాపరం పెడతానన్నాడు. "నువ్వు పక్కనుంటే నేను ఉద్యోగం చేసినట్టే," అంది కూతురు.

శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల ఎక్కడ సంపాదించిందో గానీ ఆ సినిమా సంపాదించి టీవీలో పెట్టింది. పక్కవీధిలోంచి మేనత్తని కూడా లాక్కొచ్చింది. ఇద్దర్నీ కూర్చోబెట్టి, గది గడియకు లోపల తాళం వేసింది.

"నాకే తాళం వేస్తున్నావా?" అన్నాడు మేస్త్రి. ఊళ్ళో ఆయన తియ్యలేని తాళం లేదు.

"నీ ఇష్టం నాన్నా, తాళం తీసి వెళ్ళు. నువ్వు వెళ్ళిపోతే ఇక ఉద్యోగం మాట ఎత్తను."

ఆయనకు కావలసిందీ అదే. కానీ ఆ గొంతు విన్నాక లేవలేకపోయాడు.

స్టేషన్ వచ్చింది. చెంబు వచ్చింది. రైలు కదిలింది. మేస్త్రి చెమటలు కక్కుతూ లేచి నిలబడ్డాడు. చిత్రమేమిటంటే అక్కయ్య కూడా లేచింది, తమ్ముణ్ణి చంకనేసుకోవడానికన్నట్టు చేతులు చాచింది.

"ఇద్దరూ కూర్చోండి," అంది కూతురు.

తెర మీద పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాటా అన్నారు. అప్పుడు పెట్టె చివర తలుపు తెరుచుకుంది. ఆఖరి పెట్టె పట్టుకుని ఎక్కి, ఒక్కో పెట్టే దాటుకుంటూ ఆ తండ్రి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. చెంబు అడుగున గుక్కెడు నీళ్ళు మిగిలాయి. పిల్లని లేపి తాగించాడు.

మేస్త్రికి గుండెల మీంచి బండ దించినట్టయింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి అక్కయ్య వైపు తిరిగాడు.

"రైలు కింద పడ్డాడన్నావే?"

"నేనెక్కడ చూశాన్రా," అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "నిన్నెత్తుకుని బయట నిలబడ్డాను కదా. నువ్వడిగావు, నాకు తోచింది చెప్పాను. పోనీలే, బతికాడు."

"ఇన్నేళ్ళూ ఆయన్ని చంపి కూర్చోబెట్టావు కదక్కా."

కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే కూతురు వెళ్ళి తాళం తీసింది.

మర్నాడు సాయంత్రం రైల్లో సామాను పైన సర్దాక, "నాన్నా, సీసాలో నీళ్ళు లేవు," అంది కూతురు. మేస్త్రి సీసా తీసుకుని దిగాడు. కుళాయి దగ్గర అందరిలాగే తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. తిరిగొచ్చి తలుపు దగ్గర అందిస్తుండగా బండి కదిలింది. "వెళ్ళొస్తా నాన్నా" అని చెయ్యి ఊపుతూ ఆ పిల్ల దూరమైంది. ఆయనా ఊపాడు. తీరా చూసుకుంటే సీసా మూత ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో, నీళ్ళన్నీ ఒలికిపోతాయి కదరా," అంది సాగనంపడానికి వచ్చిన అక్కయ్య.

"గుక్కెడైనా మిగులుతాయిలే." మూతని చొక్కా జేబులో వేసుకుని, ఆయన బయటికి దారితీశాడు. "వచ్చినప్పుడు ఇస్తాను."