చీటీ మీద ముప్పై రెండు

నేను ఒక గట్టింగ్ మిషన్ను. బ్యాడ్మింటన్ రాకెట్లకు గట్ బిగించడం నా వృత్తి. 1998 ఆగస్టు 14, శుక్రవారం పొద్దున కాకినాడలో పలివెల సత్యానందం కొట్టుకు వచ్చాను. ఉప్మా పెసరట్టు తింటున్నవాడు సగంలో లేచి వచ్చి, అల్లప్పచ్చడి అంటిన వేళ్లతోనే నా గోనెపట్టా విప్పాడు. ఆ ఘాటు రెండు రోజులు నన్ను వదల్లేదు. ఇనుముకు ఆకలి తెలియదు కానీ, నా కోసం తిండి మధ్యలో లేచిన మనిషి మీద అప్పుడే మమకారం పుట్టింది.

నేను పుట్టింది జలంధరులో. మొదటి కొలువు ఒక ప్రభుత్వ క్రీడా హాస్టలులో. మూడేళ్లు బీరువాలో కూర్చున్నాను, ఒక్క రాకెట్టును తాకలేదు. ఏడాదికోసారి ఒక అధికారి వచ్చి, నా వీపు మీది నంబరు రిజిస్టరులో ఉన్నదని తేల్చుకుని తృప్తిగా వెళ్లేవాడు. పిల్లలు మాత్రం తెగిన గట్‌కు ముళ్లు వేసుకుని ఆడేవారు. చివరికి పనికిరాని సామానని నన్ను వేలం వేశారు. అలా సత్యానందం చేతికి వచ్చాను.

నాకొక చువ్వ ఉంది. దాని మీద పదిహేను నుంచి ముప్పై అయిదు దాకా అంకెలు. చువ్వ మీద జరిగే ఇనుప గుండును ఏ అంకె దగ్గర నిలిపితే అన్ని పౌండ్ల బిగువు. ఇందులో దాపరికం లేదు, ఎవరైనా వంగి చూడవచ్చు. అయినా ఎవరూ వంగరు. రాకెట్టు ఇచ్చి వెళ్తారు. సాయంత్రం వచ్చి, పిడికి అతికించిన చీటీ చదువుతారు. గట్‌ను అరచేత్తో తట్టి, పుచ్చకాయ బేరం చేసేవాళ్లలా కళ్లు మూసుకుని చప్పుడు వింటారు.

కొట్టు వెనకాల ఇండోర్ కోర్టు ఉంది. పొద్దున్నే అక్కడ ఆడేవాళ్లంతా నలభై దాటినవారు. వాళ్లకొక ఆచారం ఉంది. ఒకరి చేతి జోరు తగ్గుతోందని తోస్తే ఆట మానమని ఎవరూ అనరు. మీ అంత నిష్పక్షపాతి ఇంకొకరు లేరు, అంపైరింగ్ మీరే చూడాలి అని బతిమాలతారు. ఎత్తు కుర్చీ తుడిచి మరీ ఎక్కిస్తారు. అది ఎక్కినవారెవరూ మళ్లీ గట్టింగుకు రాలేదు.

సర్వే శాఖ సూపరింటెండెంటు నడింపల్లి రామభద్రరాజుకు ఆ కుర్చీ దగ్గరపడుతున్న సంగతి కోర్టులో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. ఎవరో చాంపియన్ ముప్పై పౌండ్ల మీద ఆడతాడని విని, ఆయనా ముప్పై వేయించాడు. చాంపియన్ చెయ్యి వేరు, ఫైళ్లు మోసే చెయ్యి వేరు. ఆనాటి నుంచి ఆయన స్మాష్ సగం కోర్టులోనే చచ్చిపడేది. మోచెయ్యి వాచింది. ముప్పై చాలలేదని రాజుగారు తేల్చుకున్నాడు.

ఇంకా బిగించమని ఆయన కొట్టుకు రావడానికి ముందు రోజు సాయంత్రం, పద్దెనిమిదేళ్లుగా ఆయన జోడీ అయిన తోట గంగాధరం వచ్చాడు. పోర్టులో గుమాస్తా.

"ఆదివారం పెద్దాపురం వాళ్లతో ఆటయ్యా. ఓడితే మా రాజును కుర్చీ ఎక్కించేస్తారు. ఆ మాట నేనే చెప్పాలంట. ఏ నోటితో చెప్పను?"

ముప్పై మీద గట్ చెక్కపలకలా అయిపోతుందని, బలమంతా చెయ్యే పెట్టాల్సి వస్తుందని సత్యానందం వివరించాడు. ఇరవై మూడైతే గట్టే కాస్త వంగి షటిల్‌ను విసిరికొడుతుంది.

"మరి చప్పుడో? టప్‌మని మోగకపోతే పట్టేస్తాడు."

"సన్న గట్ వేస్తానండి. మోత సన్నదనంలో ఉంటదండి."

"అదే వెయ్యి. నేనొచ్చానని చెప్పకు."

మర్నాడు రాజుగారు వచ్చి ముప్పై రెండు వెయ్యమన్నాడు. సత్యానందం తలూపాడు. గుండును ఇరవై మూడు దగ్గర నిలిపాడు. చీటీ మీద ముప్పై రెండు రాసేటప్పుడు మాత్రం చెయ్యి కాసేపు ఆగింది. నేను అబద్ధమాడలేదు, ఆడింది కలం.

ఆదివారం పెద్దాపురం వాళ్లు ఓడిపోయారు. రాజుగారి స్మాషుల చప్పుడు కొట్టు దాకా వినిపించింది. సోమవారానికి కోర్టంతా ముప్పై రెండు కోసం బారులు తీరింది. సత్యానందం ఎవరి చెయ్యి ఎంత మోయగలదో అంతే వేశాడు, ఎవరు ఎంత అడిగితే అంత రాశాడు. ఆ వేసవిలో మోచేతి పట్టీలు తగ్గాయి, బిగువు మీద ఉపన్యాసాలు పెరిగాయి. సంగతి తెలిసిన గంగాధరం మాత్రం తనకు నిజంగానే ఇరవై ఎనిమిది వేయించుకునేవాడు. సడలు గట్ రాజులాంటి వాళ్లకని ఆయన నమ్మకం.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, రాకెట్టు ఇచ్చి వెళ్లబోతున్న రాజుగారిని వాన ఆపేసింది. నా ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఊళ్ల హద్దులు కొలిచిన మనిషి, తన రాకెట్టు గట్ సగం బిగిసేసరికి, తోచక కళ్లజోడు పెట్టుకుని నా చువ్వ మీదికి వంగాడు.

"ఇరవై మూడుందేంటయ్యా?"

"ఆయ్."

"నాదేనా ఇది?"

"మీదేనండి. పెద్దాపురం ఆట కాణ్నించీ ఇంతేనండి."

రాజుగారి మొహం నల్లబడింది. ఎవరు వెయ్యమన్నారని అడిగాడు. నేనేనండి అన్నాడు సత్యానందం. ఈసారి తప్పు కలం మీదికి నెట్టే వీలు లేదు.

చూరు నీళ్లు మెట్ల మీద పడుతున్నాయి. ఈ మనిషి ఇక రాకెట్టు తీసుకుపోడేమో, తానే వెళ్లి కుర్చీ ఎక్కుతాడేమో అనుకున్నాను. ఆయన సగం అల్లిన గట్‌ను బొటనవేలితో నొక్కాడు.

"అయితే ఇన్నాళ్లూ కొట్టినయ్యి నేను కొట్టినయ్యి కావన్నమాట."

"చెయ్యి మీదేనండి. గట్ అడ్డం రాలేదు, అంతే."

రాజుగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వాన తగ్గాక, పని పూర్తిచెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తరవాత, దీపాలు పెట్టే వేళకు మళ్లీ వచ్చాడు. చేతిలో గంగాధరం రాకెట్టు, గట్ తెగి ఉంది.

"వాడు ఇరవై ఎనిమిది వెయ్యమని నా చేతికిచ్చి పంపాడు. మొన్నట్నించి మగ్గెత్తి నీళ్లు పోసుకోలేకపోతున్నాడంట, వాళ్లావిడ చెప్పింది. వాడు చెప్పడు." గొంతు తగ్గించాడు. "ఇరవై మూడు వెయ్యి. సన్న గట్. చీటీ మీద మాత్రం ఇరవై ఎనిమిదే రాయి. నేనన్నానని తెలిస్తే బాధపడతాడు."

సత్యానందం నవ్వలేదు. గంగాధరం వచ్చి వెళ్లిన సాయంత్రం సంగతి ఆయన నాలిక చివరి దాకా వచ్చి ఉంటుంది. గుండు మీది మర వదులు చేసి, ఇరవై మూడు దాకా జరిపి, మళ్లీ బిగించాడు. రాజుగారు ఈసారి వంగి చూశాడు. చూసి, సరే అన్నట్టు తలాడించి వెళ్లాడు.

నిలువు పోగులు ఇరవై రెండు, అడ్డం ఇరవై ఒకటి. లాగిన ప్రతిసారీ గట్ చిన్నగా మూలిగింది. పని ముగిశాక సత్యానందం చీటీ రాసి, తడి ఆరేదాకా ఊది, పిడికి అంటించాడు. రాకెట్టును పొద్దున్నే చేతికి అందేలా గుమ్మం పక్క మేకుకు తగిలించాడు. నా మీద పాత తువ్వాలు కప్పాడు. దీపం ఆర్పి, రెండు తలుపులూ చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.