మికెనో వాలులో బొగ్గుబట్టీలు

కాల్చి చంపిన ఆడ గొరిల్లాను వెదురు బొంగులకు కట్టి మికెనో కొండ దించారు. మోసింది ఊరివాళ్ళు. తుపాకులతో వెనక నడిచింది బొగ్గు కాంట్రాక్టరు ముటబాజీ మనుషులు. పిల్ల తల్లి రొమ్ము వదలలేదు. ముందు బొంగు ఊరివాడు సెరుబుంగో భుజం మీద ఉంది. పిల్ల వేళ్ళు తన మెడకు తగిలినప్పుడల్లా అతను తల వంచుకున్నాడు.

బట్టీల దగ్గర దింపించి ముటబాజీ అరిచాడు: "ఈ గొరిల్లాలు ఉన్నాయనేగా అడవికి ఈ కాపలాలు! అన్నీ చస్తే కాపలావాళ్ళూ పోతారు. కొండంతా మనదే. నరకండి, కాల్చండి!"

"మనదా?" బస్తాలు మోసి నడుము వంగిన మాపెండో నవ్వింది. "వీపులు మావి, లారీలు నీవి. కొండెప్పుడు మనదయిందయ్యా?"

ముటబాజీ మిగతా మందను చంపి రమ్మని మనుషుల్ని మళ్ళీ పైకి తోలాడు.

ఒకామె పిల్లను గుడ్డలో చుట్టబోతే అది కరిచింది.

"కరవక ముద్దు పెట్టుకుంటుందా?" అంది మాపెండో.

"జంతువు చస్తే మనకేంటి అత్తా? పొయ్యి వెలగాలిగా," అన్నాడు బట్టీ కాల్చే కన్యేరె.

"అడవి కాపలాలో ఉన్న నా కొడుకుని వీళ్ళు తుపాకీతో కాల్చినప్పుడూ ఇదే కూశావు. కొండ బోడయ్యాక ఊట ఎండుద్ది. అప్పుడు పొయ్యి మీద ఏం ఉడకేస్తావు, బొగ్గా? అయినా ఇవి ఉండే చోటు వాళ్ళకెవడు చూపించాడు?"

"నేనే," అన్నాడు సెరుబుంగో. "ఇవి ఆకులు పరుచుకుని పడుకునే పాత గూళ్ళే చూపించా. ఒకసారి పడుకున్న గూట్లో మళ్ళీ పడుకోవుగా. ముటబాజీనే మోసం చేస్తున్నా అనుకున్నా. అక్కణ్ణుంచి నలిగిన ఆకుల జాడ పట్టుకుపోయారు."

మాపెండో అతని కాళ్ళ ముందు ఉమ్మింది.

"మోసమంట! మనమంతా అంతే. కాపలావాళ్ళ కళ్ళుగప్పి చెట్టు కొడతాం, ముటబాజీ కళ్ళుగప్పి బస్తా దాస్తాం. ఎవడి దొంగతనం వాడిది. అందుకే వీడు మన నెత్తినెక్కాడు."

సెరుబుంగో పార తీసుకుని కాలుతున్న బట్టీ ఎక్కాడు. మట్టికప్పు తెగితే గాలి చొరబడుతుంది. లోపలి బొగ్గంతా బూడిదవుతుంది. అతను కప్పు పెళ్ళగించాడు. మంట నిలువునా లేచింది.

"నా బొగ్గు!" ముటబాజీ కేక కొండెక్కుతున్న వాళ్ళకూ వినబడింది. మందను వదిలి వెనక్కి పరుగెత్తుకొచ్చారు. సెరుబుంగోను కిందికి లాగి తుపాకీ మడమతో మోదారు. నోరు పగిలింది. పార మాత్రం వదల్లేదు.

"క్షమించత్తా," అన్నాడు.

"క్షమించను. ఆ పార ఇటు విసురు."

విసిరాడు. అతని చేతులు వెనక్కి విరిచి కట్టారు. మాపెండో పార అందుకుని రెండో బట్టీ వైపు నడిచింది. అప్పటికే కన్యేరె దాని మీదున్నాడు, ఉత్త చేతులతో కాలే మట్టికప్పు పెళ్ళగిస్తూ. మూడో బట్టీ చుట్టూ ఆడవాళ్ళు చేరారు. తుపాకులు ఎటు తిప్పాలో ముటబాజీ మనుషులకు తెలియలేదు.