పంతొమ్మిదిసార్లు రీసెట్

పద్నాలుగో గాలి టర్బైన్ మళ్లీ ఆగిపోయింది. కంట్రోల్ రూమ్ తెర మీద ఎర్రగా అదే మాట: కన్వర్టర్ లోపం.

పది రోజులుగా ఇదే తంతు. అది ఆగడం, ఆపరేటర్‌గా ఆమె రీసెట్ నొక్కడం, రెక్కలు మళ్లీ తిరగడం. నిజానికి ఇక్కడి నుంచి మూడుసార్లకు మించి నొక్కకూడదు. నాలుగోసారి మనిషి పైకెక్కి చూడాలి. ఎక్కాల్సింది ఆమె తమ్ముడు. వాడు వాచిన మోకాలిని దాచుకుని డ్యూటీకి వస్తున్నాడు. ఎనభై మీటర్ల నిచ్చెన ఎక్కలేనన్నాడంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకే వాడికి కూడా చెప్పకుండా పంతొమ్మిదిసార్లు నొక్కింది.

ఈ ఉదయం వాపు తగ్గింది. వాడే ఎక్కాడు.

రెండు గంటల తర్వాత రేడియోలో పలికాడు. జనరేటర్ కరెంటును సరిచేసే కన్వర్టర్‌లో ఒక మాడ్యూల్ మాడిపోయిందట, మార్చేశాడట. కరెంటు సమంగా అందక జనరేటర్ బాగా అదిరినట్టుంది, షాఫ్ట్‌ను దానికి కలిపే కప్లింగ్ బోల్టుల చుట్టూ తుప్పు రంగు పొడి రాలి ఉందన్నాడు. కప్లింగ్ మూత తీసి, షాఫ్ట్‌ను నెమ్మదిగా తిప్పి చూస్తాడట.

"ఎన్నిసార్లు రీసెట్ చేశావక్కా?"

అప్పుడే మేనేజరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఎందుకురా?"

"రీసెట్ కొట్టిన ప్రతిసారీ ఈ బోల్టుల మీద సుత్తి దెబ్బే. రెండు మూడైతే తిప్పి చూడొచ్చు. పది దాటితే ముట్టుకోను, దిగొచ్చేస్తా. అసలే లెక్కల్లో మొద్దువి, వేళ్లు మడిచి చెప్పు."

మేనేజరు నవ్వాడు. నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ ఈ గదిలోనే పోతాయి.

"మూడే."

"సరే. బ్రేక్ వదులుతున్నా."

తెర మీద జనరేటర్ వేగం సున్నా నుంచి కదిలింది. నలభై. తొంభై. ఆమె రేడియో లాక్కుంది.

"ఒరేయ్, ఆపెయ్. పంతొమ్మిది. పంతొమ్మిదిసార్లురా."

రేడియోలో ఫెళ్లున ఏదో విరిగిన చప్పుడు. ఆ వెనకే గాలి హోరు. కప్లింగ్ తెగినట్టుంది, తెర మీద జనరేటర్ వేగం పడిపోతోంది, రెక్కల వేగం మాత్రం పెరుగుతోంది. మేనేజరు వంగి ఎమర్జెన్సీ బటన్ గుద్దాడు. రెక్కలు ఆగాయి. తమ్ముడు పలకలేదు.

ఇంకో టెక్నీషియన్ రావడానికి ఎంతసేపు పడుతుందని మేనేజరు అడిగాడు.

"రెండు గంటలు," అంటూ ఆమె గోడకున్న హెల్మెట్ అందుకుంది.

"నువ్వెప్పుడైనా ఎక్కావా?"

ఆమె అప్పటికే తలుపు దాటింది.