దావీదురాజు కాఫీ

విశ్వాసమ్మ డికాషను దింపిందంటే ఆ వాసన కడప దాటి, పెన్న దాటి గండికోట దాకా పోయేది. అక్కడి కోతులు ఆ వాసనకు నిద్రలేచి మొహాలు కడుక్కునేవి. నమ్మనివాళ్ళు పోయి ఆ కోతులనే అడగవచ్చు.

ఆ మంగళవారం పొద్దున ఏడు గంటలకు ఆమె యంత్రం ముందు నిలబడి, పాలు పొంగించే ఆవిరి గొట్టాన్ని తడిగుడ్డతో తుడుస్తోంది. యాభై రెండేళ్ళ మనిషి, పొట్టి, నడుముకు కంపెనీ ఏప్రాన్. కౌంటరు అందక కాళ్ళ కింద పాలప్యాకెట్ల ట్రే బోర్లించుకుంటుంది. కుడి మణికట్టు మీద ఆవిరి కాల్చిన మచ్చలు మూడున్నాయి. మూడోది ఇంకా పచ్చిగానే ఉంది. తుడిచిన గొట్టాన్ని ఒకసారి బుస్సుమనిపించి, ఆ చప్పుడుకు తృప్తిగా తలాడించింది.

'నురగ కాఫీ' సంస్థకు కర్నూలు నుంచి కడప దాకా తొమ్మిది దుకాణాలున్నాయి. కడపది బస్టాండు ఎదుట. చుట్టూ పన్నెండు టీకొట్లు. వాటిని గెలవడానికి కర్నూలు హెడ్డాఫీసు ఒక ఎత్తు వేసింది: వచ్చినవాడి పేరు అడగాలి, కప్పు మీద రాయాలి, కాఫీ కాగానే ఆ పేరు గట్టిగా పిలవాలి. తన పేరు తాను విన్న మనిషి మళ్ళీ అక్కడికే వస్తాడని వాళ్ళ నమ్మకం.

"టీకొట్టోడు 'ఏమప్పా' అంటాడక్కా. మనం పేరుతో పిలుస్తాం. అదే తేడా" అని మేనేజరు క్రాంతి కుమార్ వివరించాడు. నంద్యాల మనిషి, ముప్పై నిండలేదు.

"ఏమప్పా అంటే పలకనోడు ఈడ ఎవుడుండాడు సార్?" అంది విశ్వాసమ్మ. అయినా నేర్చుకుంది. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, "లక్ష్మన్నప్పా, కాఫీ! పేరు పెట్టి పిల్సమనింది కంపెనీ, నేను కాదు!" అని క్షమాపణ కూడా కలిపి అరిచేది. లక్ష్మన్న లాంటివాళ్ళు ఆ క్షమాపణ కోసమే రెండోసారి వచ్చేవాళ్ళు. ఆ సంగతి హెడ్డాఫీసుకు తెలియదు.

ఆ వారం తనిఖీ ఉంది. కస్టమరు వేషంలో ఎవరో ఒకరు వస్తారు, ఎవరన్నది చెప్పరు. కౌంటరు మనిషికి నూటికి ఎనభై మార్కులు వేస్తే ఉద్యోగం పర్మనెంటు. పర్మనెంటయితే ఈఎస్ఐ కార్డు. కార్డుంటే ఆమె భర్త వెన్నుకు ఆపరేషను. లేకపోతే ఆయన మంచమూ ఆయనా ఎప్పటిలాగే.

ఆయన బేల్దారి. నాలుగేళ్ళ కిందట మూడో అంతస్తు గోడ కడుతూ పడ్డాడు. వేంపల్లె దగ్గరి చర్చిలో పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళు. ఆయన పేరు ఆమె ఒక్కసారీ పలకలేదు. ఇంట్లో "స్తుతి నాయనా" అంటుంది, కూతురి పేరు స్తుతి కాబట్టి. జనాభా లెక్కలవాడు వచ్చి భర్త పేరు అడిగితే, "గోడ మీద ఫోటో కింద రాసుండాది, సూసుకో" అంది. చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేయించాలంటే చీటీ రాసి ఇస్తుంది. రాయడానికి అభ్యంతరం లేదు. సండే స్కూల్లో నేర్చిన గుండ్రటి అక్షరాలు ఆమెవి. రాస్తే పోయేదేమీ లేదు, నోటితో అంటేనే తప్పు. ఎందుకు తప్పని ఆమెను ఎవరూ అడగలేదు. వాళ్ళమ్మనూ ఎవరూ అడగలేదు.

పదకొండుకు కర్నూలు వ్యాను వచ్చి డికాషను క్యాన్లు దించింది. అవును, డికాషను కర్నూల్లో తయారై ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లలో వస్తుంది. విశ్వాసమ్మ దాన్ని వేడి మాత్రమే చేస్తుంది. గండికోట కోతులకు కాఫీ అనేదొకటి ఉందనే తెలియదు. ఇప్పుడైనా ఒప్పుకోవడం మంచిదే.

మధ్యాహ్నం చీరల మూటతో గురమ్మ వచ్చింది. మాధవరం మగ్గాలవాళ్ళు. బస్సు ఆలస్యమైతే ఇక్కడి ఫ్యాను కింద కూర్చుంటుంది.

"పేరు చెప్పమ్మా."

"నా పేరెందుకు? కాఫీకి పెండ్లి సంబంధం సూస్తాండావా?"

విశ్వాసమ్మ నవ్వి, కప్పు మీద 'మాధవరం' అని రాసింది.

ఆమె వెనకాలే తెల్లచొక్కా వేసుకున్న మనిషి, భుజాన నల్ల సంచి. కాఫీ చెప్పాడు.

"పేరు సార్?"

"దావీదురాజు."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. తర్వాత గుండ్రంగా రాసింది. పాలు పొంగించింది, నురగ మీద నురగ పోసింది. అతను కిటికీ దగ్గర ఫోనులో తల దూర్చి కూర్చున్నాడు. ఆమె కప్పు ఎత్తింది. నోరు తెరిచింది, మూసింది. క్రాంతి కుమార్ లోపలినుంచి చూస్తున్నాడు.

"గొల్యాతును కొట్టినాయనా! కాఫీ!"

బైబిల్లో గొల్యాతనే భీకరుణ్ణి రాయితో కొట్టింది దావీదే. దుకాణమంతా తలెత్తింది, తెల్లచొక్కా మనిషి తప్ప.

"ఎవుర్ని ఎవురు కొట్టినారమ్మా?" అంది గురమ్మ. లేచి వచ్చి కప్పు మీద పేరు చదివి, విశ్వాసమ్మ మొహం చూసింది. గొంతు తగ్గించి, "మీ ఇంటాయన పేరా?" అంది.

విశ్వాసమ్మ తలూపింది.

"అట్ల చెప్పు. నేనూ అంతే తల్లీ" అని గురమ్మ వెనక్కి తిరిగి, "ఓ దావీదురాజప్పా! నీ కాఫీ సల్లారిపోతాండాది!" అని కేక పెట్టింది.

అతను వచ్చి కప్పు తీసుకున్నాడు. తాగలేదు. సంచిలోంచి ఫారం తీశాడు.

అతని అసలు పేరు వంశీ. తనిఖీ మనిషి. మారుపేరు చెప్పాలి కాబట్టి, విశ్వాసమ్మ ఫైలు తెరిచి, అందులో మొదట కనబడిన మగ పేరు చెప్పాడు. ఆ పేరు ముందున్న 'భర్త' అనే మాట చదవలేదు.

"డెబ్బై రెండు" అన్నాడు క్రాంతి కుమార్‌తో. "పేరు పిలిచింది కస్టమరు, స్టాఫు కాదు. దానికి మార్కులు రావు."

"తప్పు నీది కదప్పా! పేరు మార్చి రాసుకో" అన్నాడు క్రాంతి కుమార్.

"ఫారంలో ఎక్కిన పేరు మారదు. ఇంకో కాఫీ చేయమనండి. అదే పేరు ఒక్కసారి పిలిస్తే చాలు, ఎనభై వేస్తా." వంశీ మంచివాడే. ఆ మాట అంటూ తల దించుకున్నాడు.

విశ్వాసమ్మ ఇంకో కాఫీ చేసింది. పేరు రాసింది. అతను మళ్ళీ కిటికీ దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"అక్కా, కార్డు సంగతి ఆలోచించు" అన్నాడు క్రాంతి కుమార్. "మీ ఆయన్ను పిలవడం ల్యాదు నువ్వు. ఆ కిటికీ కాడి సార్‌ను పిలుస్తాండావు."

"అను తల్లీ" అంది గురమ్మ కూడా. "మొగుని కోసమే కదా."

విశ్వాసమ్మ కప్పును రెండు చేతులా పట్టుకుంది. ఆయన పడిన రోజు ఆస్పత్రిలో నర్సు, "పేరు పెట్టి గట్టిగా పిలువమ్మా, తెలివి వస్తాది" అంది. ఆ రోజూ నోరు రాలేదు. "ఇదో, నిన్నే. ఇటు సూడు" అని చెవిలో అంది. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. ఆయన ప్రాణం మీదికి వచ్చిన రోజున రాని మాట, ఇప్పుడు కాఫీ కప్పు కోసం ఎట్లా వస్తుంది? వస్తే, ఆ రోజెందుకు రాలేదే అని ఆయన అడగడూ?

ఆమె కాఫీని తనే తీసుకుపోయి వంశీ ముందు పెట్టింది.

"తాగు నాయనా. వేడిగా ఉండాది."

అంతే. పేరు పిలవని మనిషిని కౌంటరులో ఉంచలేనని, రేపటి నుంచి వెనక గిన్నెలు కడిగే పని ఇప్పిస్తానని క్రాంతి కుమార్ అన్నాడు. "గిన్నెలు కడిగేదానికి హోటళ్ళు శానా ఉండాయి సార్. ఆడ పేర్లు అడగరు" అంది. ఆ మాటలో కోపం లేదు. నాలుగు గంటలకు చెప్పులేసుకుని బయటికి నడిచింది. గురమ్మ బస్సు అప్పుడే కదిలింది. కిటికీలోంచి చేయి ఊపింది.

ఇందులో కల్పించింది ఒక్కటే. కోతుల సంగతి ముందే ఒప్పుకున్నదే. కల్పించింది ఆ గొల్యాతు కేకను. ఆమె ఆ మాట అనలేదు, గురమ్మ ఎగతాళీ దాంతో పుట్టిందే. ఆమె కప్పు పట్టుకుని నోరు పెగలక నిలబడింది, అంతే. అలా నిలబడ్డ మనిషిని చూస్తూ ఊరుకోలేక ఆ అరుపు ఆమె నోట పెట్టడమైంది. పోయేముందు ఆమె ఏప్రాన్ వదిలిన తీరు మాత్రం నిజం. నడుము ముడి బిగిసిపోతే విప్పకుండా కిందికి జార్చి, అందులోంచి బయటికి అడుగు వేసింది. కౌంటరు మీద మడిచి పెట్టిపోయినా, నాడాలు ఆ ముడితోనే, ఆమె నడుమంత వెడల్పున, గుండ్రంగా పడి ఉన్నాయి.