ప్లగ్గు పీకినా పోని పేరు

గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటల ఆరు నిమిషాలకు దీవెన ల్యాప్‌టాప్ తెర ఎర్రబడింది.

"మీ నెట్‌వర్క్ తెగిపోయింది. ఇది రెండోసారి. మూడోసారి తెగితే శిక్షణ రద్దవుతుంది."

దీవెన గబగబా ఫోన్ తీసి వైఫై జాబితా చూసింది. సోమవారం పొద్దున తన చేత్తో టైప్ చేసిన పేరు, కంపెనీ ఇచ్చిన పేరు, 'ఎంహెచ్ 4471' లేదు. దాని చోట నిండు గీతలతో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకో పేరు కూర్చుని ఉంది.

'దొంగ ఎవడు'.

మొయినాబాద్ ఎండకు డాబా మీది గది పెనంలా కాలుతోంది. అయినా దీవెన లేచి తలుపు గడియ పెట్టింది. ఎవరో తమ ఇంటి వైఫైలోకి దూరారు. దూరిందే కాక, తిరిగి తననే దొంగ అంటున్నారు!

ఉద్యోగం ఇంకా చేతికి రాలేదు. గండిపేట దగ్గర ఆఫీసున్న కంపెనీ అది. దవాఖానల బీమా కాగితాలు చూసి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించాలి. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా, ఇంట్లో కూర్చునే పని. ఐదు రోజులు శిక్షణ, అది దాటితే ఉద్యోగం. రోగుల వివరాలు కాబట్టి నియమాలు గట్టివి. ఇంటి వైఫైకి కంపెనీ చెప్పిన పేరే పెట్టాలి. ఆ పేరు కనిపించకుండా నిమిషం దాటితే ఒక తప్పు. మూడు తప్పులైతే ఇంటికే. ఇంటి నుంచే పని కాబట్టి ఇంకెక్కడికి పంపుతారో ఆ రూల్ రాసినవాడికే తెలియాలి.

పేరు మార్చడం పెద్ద పనేం కాలేదు. కేబుల్ ఎల్లేశ్ చెప్పిన నంబర్ ఫోన్ బ్రౌజర్‌లో కొట్టింది. ఎల్లేశ్ చెప్పిన పాస్‌వర్డ్ ఇచ్చింది. పేజీ తెరుచుకుంది. పేరు ఉన్న గడిలో 'ఎల్లేశ్ నెట్' తుడిచేసి 'ఎంహెచ్ 4471' రాసి సేవ్ నొక్కింది. అర నిమిషం నెట్ చచ్చి, కొత్త పేరుతో లేచింది. మొత్తం మూడు నిమిషాలు. సోమ, మంగళ వారాలు హాయిగా గడిచాయి. బుధవారం పన్నెండూ తొమ్మిదికి పేరు మాయమై మళ్ళీ 'ఎల్లేశ్ నెట్' అయింది. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని మళ్ళీ మార్చుకుంది. ఇవాళ ఇది.

ఇప్పుడూ 'ఎంహెచ్ 4471' కొట్టి పనిలోకి వచ్చింది. కానీ బుర్ర కాగితాల మీద లేదు. రెండు రోజులూ పన్నెండు దాటాకే. కచ్చితంగా బడి గంట కొట్టినట్టు. టైము చూసుకుని వచ్చే దొంగ ఎవడు?

సాయంత్రం తల్లి పద్మమ్మతో చెప్పింది.

"పక్కింటి రేణుకక్కను అడగనా అమ్మా? వాళ్ళకు సుత ఇట్లనే అయితున్నదేమో."

"వద్దు!" పద్మమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. "అడిగితే ఎందుకంటది. ఎందుకంటే జాబ్ అని చెప్పాలె. పోయినేడు ఏమైందో యాది లేదా? ఆఫర్ లెటర్ రాంగనే చర్చిల అందరి ముందు లేచి, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. వారం తిరక్కముందే ఆ కంపెనీ లేదు, లెటర్ లేదు. ఆర్నెల్లు ప్రతి ఆదివారం 'దీవెన జాబ్‌కు పోతున్నదా' అని ఒక్కరు కాదు, సంఘమంత అడిగిన్రు. ఈసారి ఖాయమయ్యేదాక గోడకు సుత తెల్వద్దు."

"గోడకు తెల్వకపోతే దొంగ ఎట్ల దొరుకుతడు?"

"దేవుడు చూపిస్తడు. నువ్వు తిను."

శుక్రవారం. ఆఖరి రోజు. పదకొండు నుంచి ఇరవై నిమిషాలు విరామం, అప్పుడు తెగినా తప్పు లెక్కలోకి రాదు. విరామం మొదలవ్వగానే దీవెన కిందికి దిగి, హాల్లో టీవీ పక్కనున్న రూటర్ ముందు నిలబడి ఎల్లేశ్‌కు ఫోన్ చేసింది. చేవెళ్లలో అతని దుకాణం. ఈ కాలనీలో కనెక్షన్లన్నీ అతనివే.

"ఎల్లేశన్నా, మా వైఫై పేరు ఎవరో మారుస్తున్నరు."

"ఆఫ్ చేసి ఆన్ చెయ్యి చెల్లె."

"అది కాదన్నా, దొంగ ఎవడు అని పేరు పెట్టిన్రు."

"మంచిగనే ఉన్నది గద. ఆఫ్ చేసి ఆన్ చెయ్యి."

"నీ దగ్గర ప్రతిదానికి ఇదొక్కటే మందా?"

"పనిచేసే మందు ఒక్కటుంటే చాలు చెల్లె. పీకు ప్లగ్గు."

దీవెన విసుగ్గా ప్లగ్గు పీకింది. రూటర్ మీది పచ్చ దీపాలన్నీ ఆరిపోయాయి. చేతిలో ఫోన్ చూసుకుంది.

'ఎంహెచ్ 4471'. రెండు గీతలు. బతికే ఉంది.

పది లెక్కపెట్టింది. ఇంకా ఉంది. అప్పటిదాకా జాబితాలో పైన ఉన్న 'ఎల్లేశ్ నెట్' మాత్రం ఒక్క గీతకు పడిపోయింది. ఆ పేరు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, వీధిలో అందరిదీ అదే కదా అని దీవెన ఏనాడూ పట్టించుకోలేదు.

"అన్నా," గొంతు తగ్గించింది, "నువ్వు ఎల్లేశ్ నెట్ అని ఎన్ని ఇండ్లల్ల పెట్టినవ్?"

"అందరికి గదే. పాస్‌వర్డ్ సుత గదే. లేకపోతే నాకు యాదుండాలె గద! నూరిండ్లు, నూరు పేర్లు, నాతోని అయితదా?"

"లోపల మార్చే పేజీకి?"

"గదే."

దీవెన ఫోన్ పెట్టేసింది. దీపాలారిన ఆ పెట్టె ఆమెది. దాని పేరు ఇన్నాళ్ళూ 'ఎల్లేశ్ నెట్' గానే ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు, తనతో సహా. మరి తను మూడుసార్లు పేరు పెట్టింది ఎవరి పెట్టెకు?

ఫోన్‌ను దీపంలా ముందు పట్టుకుని మెట్లెక్కింది. రెండు గీతలు. నాలుగో మెట్టుకు మూడు. గదిలో నాలుగు. గది దాటి పిట్టగోడ దాకా వెళ్ళింది. నిండుగా ఉన్నాయి. తల ఎత్తింది. మూడు మూరల దూరంలో రేణుక వాళ్ళ మేడ కిటికీ. కిటికీలో రెండు కొమ్ములతో తెల్లటి పెట్టె పచ్చగా కన్నుకొడుతోంది.

ఎల్లేశ్ పెట్టిన ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. ఫోన్‌కు తన ఇల్లూ పక్క ఇల్లూ ఒకటే అయ్యాయి. పైగదిలో ఏది దగ్గరైతే దాన్ని పట్టుకుంది. దొంగ ఎవడో దీవెనకు ఇప్పుడు తెలిసింది. ఇంటిపేరుతో సహా.

మేడ మీద రేకుల నీడలో రేణుక అత్త జంగమ్మ కూర్చుని, అమ్మకానికి కోసిన జర్బెరా పూలకు, రెక్కలు నలగకుండా ఒక్కోదానికీ ప్లాస్టిక్ టోపీ తొడుగుతోంది.

"అవ్వా, ఏం చేస్తున్నవ్?"

"ఏం జేస్త బిడ్డా, సచ్చిన పూలకు టోపీలు పెడుతున్న. చూడు, మెడలు ఎట్ల వాల్చినయో."

"ఎందుకట్ల?"

"పూల మీద చల్లే నీళ్ళ పొగ వస్తలేదు." జంగమ్మ ఇంటి వెనక తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పూలతోట, పాలీహౌస్ వైపు చెయ్యి చూపింది. "కోడలు చేవెళ్లల పూల దుకాణంకాడ కూసోని ఫోన్ల నొక్కితే ఈడ పొగ రావాలె. సోమవారం సంది వస్తలే. ముందు ఆ పొగ తిప్పే డబ్బా ఖరాబైందనుకున్నం. మిస్త్రీ వచ్చి చూసి బాగానే ఉన్నదన్నడు. తీరా చూస్తే ఎవ్వడో మా వైఫై పేరు మార్చిండంట. పేరు మారితే ఆ డబ్బా గుర్తుపడ్తలేదు. బర్రె లెక్కనే గద, పిలిచే పేరుతోని పిలిస్తెనే వస్తది. వాని చేతులు పడిపోను!"

దీవెన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మరి మధ్యాహ్నం?"

"దుకాణం కట్టేసి కోడలు పన్నెండింటికి వస్తది. పేరు సరిచేస్తది, నిన్నయితే వాడు చూడాలని 'దొంగ ఎవడు' అని పెట్టింది. మధ్యాహ్నమంత ఇంటికాడ్నే ఉంటది గద, చేత్తోనే తిప్పుతది. తెల్లారి దుకాణం పోయేసరికి మళ్ళ అదే కథ. ఇయ్యాల చూడు, పాస్‌వర్డే మారుస్తదట. జల్దిన బయల్దేరిన్న అని ఇప్పుడే ఫోన్ చేసింది."

టైము పదకొండు గంటల పన్నెండు నిమిషాలు. చేవెళ్ల నుంచి స్కూటీ మీద అరగంట. ఇంటికి రాగానే రేణుక పాస్‌వర్డ్ మారుస్తుంది. ల్యాప్‌టాప్ ఆ పెట్టె మీదే బతుకుతోంది. మారిన నిమిషానికి మూడో తప్పు.

ఫోన్‌లో పేజీ తెరిచే ఉంది. పాస్‌వర్డ్ గడి కూడా అక్కడే ఉంది. ముందు తనే మార్చేస్తే? రేణుక ఒంటిగంట దాకా ఆ పేజీలోకి రాలేకపోతుంది. ఒక్క పూట. ఉద్యోగం ఖాయం. ఆ తర్వాత తీరిగ్గా చెప్పొచ్చు, చెప్పకపోనూ వచ్చు.

దీవెన బొటనవేలు ఆ గడి మీద ఆగింది. ఎదురుగా జంగమ్మ ఇంకో పువ్వు తీసింది. టోపీ తొడగబోతే పువ్వు తల పక్కకు వాలింది. ముసలామె దాన్ని గడ్డం కింద చెయ్యి పెట్టి లేపినట్టు లేపింది. వదిలింది. మళ్ళీ వాలింది.

దీవెన పేజీ మూసేసి మెట్లవైపు పరుగెత్తింది.

రెండు పెట్టెలకు ఒకే పేరు ఉండటం వల్లే కదా ఫోన్ మోసపోయింది? అదే మోసం ల్యాప్‌టాప్‌కూ చేస్తే?

హాల్లో ప్లగ్గు పెట్టింది. దీపాలు ఒక్కొక్కటే వెలగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఫోన్‌ను 'ఎల్లేశ్ నెట్'కు కలిపి పేజీ తెరిచింది. ఈసారి తొందరపడలేదు. రూటర్ తిరగేసి అడుగున ఉన్న నంబర్ చూసింది. పేజీలో ఉన్న నంబర్ చూసింది. చివరి నాలుగు అక్షరాలూ ఒకటే. ఇది తనదే. నాలుగు రోజుల కింద చేయాల్సిన పని.

'ఎంహెచ్ 4471'. సేవ్.

పదకొండూ ఇరవై ఒకటి. విరామం అయిపోయింది. పైకి వెళ్ళి ల్యాప్‌టాప్‌ను మూత వేయకుండా రెండు చేతుల మీద ఎత్తుకుని దిగడం మొదలుపెట్టింది. నాలుగు గీతలు. మూడు. రెండు. మెట్ల మలుపులో అవీ మినుకుమన్నాయి. తెర అంచు పసుపు రంగుకు తిరిగింది. దీవెన ఆఖరి మెట్టు దిగింది.

పసుపు పోయింది. నాలుగు గీతలు. పేరు మారలేదు, పెట్టె మారింది. యంత్రానికి అనుమానమే రాలేదు.

"అమ్మా, దీని ముందు కూసో! ఎర్రగైతే కేకెయ్."

పద్మమ్మ కూర్చుని, ఎందుకైనా మంచిదని తలమీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుంది.

"కండ్లు మూస్తే ఎట్ల కనిపిస్తది!" అని అరుస్తూ దీవెన మళ్ళీ పైకి ఉరికింది. పిట్టగోడ దగ్గర పేజీ తెరిస్తే ఇప్పుడు వేరే నంబర్. రేణుక పెట్టె. 'ఎంహెచ్ 4471' తుడిచి 'ఎల్లేశ్ నెట్' అని మునుపటిలాగే రాసింది. సేవ్.

"అవ్వా! రేణుకక్కకు ఫోన్ చెయ్యి. ఇప్పుడు నొక్కుమను."

రేణుక దారిలో ఎక్కడో బండి ఆపి నొక్కినట్టుంది. పాలీహౌస్‌లోంచి బుస్సుమని చప్పుడొచ్చింది. తెల్లటి పొగ పూల మీద పరుచుకుంది. జంగమ్మ చేతిలో టోపీ కిందపడింది.

పావుగంటకు రేణుక హెల్మెట్ తీయకుండానే దీవెన వాళ్ళ హాల్లోకి వచ్చింది.

"నువ్వు నొక్కుమన్నవంట. నీకెట్ల తెలుసు? ఎవడే వాడు?"

దీవెన వేళ్ళు కీబోర్డు మీద ఆగలేదు. "నేనే అక్కా."

పద్మమ్మ కళ్ళు తెరిచింది. దీవెన టైప్ చేస్తూనే అంతా చెప్పింది. ఉద్యోగం సంగతి కూడా. రేణుక హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

"నాలుగు దినాల సంది ఎన్ని తిట్లు తిట్టిన్నో! అన్ని నీకే తగిలినయా?"

"దొంగ ఎవడు అన్నది బాగ తగిలిందక్కా."

"నూరు పూలు పోయినయ్ పిల్లా."

"తెలుసు. సోమవారం సంది పొద్దున పూట పని బ్రేక్‌ల మీ పాలీహౌస్ నేనే చూసుకుంట. పైగది కిటికీలకెల్లి కనిపిస్తనే ఉన్నది."

"ముందు జాబ్ రానీ." రేణుక తెర వైపు వంగింది. "ఎప్పుడు తెలుస్తది?"

"ఒంటిగంటకు."

"అయితే నేను కదల."

ఒంటిగంటకు తెర ఆకుపచ్చగా మారింది. శిక్షణ పూర్తయింది, సోమవారం నుంచి ఉద్యోగంలో చేరాలి. పద్మమ్మ స్తోత్రం అంది. రేణుక దీవెన వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఆదివారం సాక్ష్యంల మా పూల సంగతి సుత చెప్పాలె పెద్దమ్మా."

"చెప్పకుంటే దేవుడు ఊకుంటడా?"

ఇక రేణుక ఇంటి పెట్టెకు ఎవరిదీ కాని పేరు ఒకటి కావాలి. దీవెన వెళ్ళి ఫోన్‌లో పేజీ తెరిచి, నంబర్ రెండుసార్లు సరిచూసి, అడిగింది. రేణుక ఇంకా ఆలోచిస్తుండగానే జంగమ్మ "నా పేరు పెట్టు" అంది. పెట్టింది. పాలీహౌస్ డబ్బాకు కూడా ఆ పేరు నేర్పింది.

జంగమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని తన పేరును చాలాసేపు చూసింది.

"ఇది గాలిల ఎంత దూరం పోతది బిడ్డా?"

"చూద్దాం దా అవ్వా."

ఎండలో ఇద్దరూ ఫోన్ ముందు పట్టుకుని నడిచారు. పాలీహౌస్ పొగలోంచి, గేటు దాటి, చేవెళ్ల రోడ్డు వైపు. ఒక్కో గీతా తగ్గుతోంది. ఆఖరి గీత దగ్గర జంగమ్మ ఆగింది. ఒక అడుగు ముందుకు వేసింది, పేరు పోయింది. వెనక్కి వేసింది, వచ్చింది.

"ఈడిదాక నాదే," అంది.