సందు మీది గది

గ్లెనిస్ ఆక్రాయిడ్ పద్నాలుగేళ్లుగా అద్దెకుంటున్న ఇల్లు ఆ వసంతంలో అమ్మకానికి వచ్చింది. యజమాని పోయాడు. వారసులు లీడ్స్‌లో స్థిరపడ్డవాళ్లు, టాడ్‌మార్డెన్ ఊళ్లో కొండవాలు మీది పాత రాతి ఇల్లు వాళ్లకెందుకు? మీరే కొనుక్కుంటామంటే బయటివాళ్లకు చూపించం అని ఉత్తరం రాశారు.

గ్లెనిస్ బస్సు డ్రైవరు. నలభై ఎనిమిదేళ్లు. ఒక్కతే ఉంటుంది. ఉద్యోగానికి ఢోకా లేదు, ఇన్నేళ్లూ కొద్దికొద్దిగా దాచుకున్నదీ ఉంది. ఇంటి లోను ఇస్తామని ఒక పెద్ద బ్యాంకు ముందుగా మాటిచ్చింది. ఇక లాయరును చూసుకోవాలి.

"మా లాయర్లే ఉన్నారండీ. అన్నీ ఆన్‌లైన్లోనే. మీరు కుర్చీలోంచి కదలక్కర్లేదు," అన్నాడు వారసుల తరఫు ఏజెంటు.

"నన్ను పంపిస్తే మీకేమైనా ముడుతుందా?"

"అది... మామూలేనండీ."

"అయితే వద్దులెండి. నా లాయరును నేనే వెతుక్కుంటాను."

మర్నాడు డ్యూటీ మధ్య విరామంలో ముగ్గురికి ఫోను చేసింది. మొదటిచోట సంగీతం వినిపించి వినిపించి లైను తెగిపోయింది. రెండోచోట ఎవరో అమ్మాయి పేరు, అడ్రసు రాసుకుని, మీ ఫైలుకి ఒక బృందం ఉంటుంది, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు చూస్తారంది. మూడో నంబరు మార్కెట్టు ఎదురుగా, చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉండే బెరిల్ హోల్డ్స్‌వర్త్‌ది. ఆవిడే ఎత్తింది. నోట్లో ఏదో నములుతోంది.

"ఏ బ్యాంకమ్మా? ఉండు, వాళ్ల జాబితాలో నా పేరుందో లేదో చూడనీ. లేకపోతే వాళ్లకి వేరే లాయరు, నీకు వేరే లాయరు, రెండు ఫీజులూ నీ నెత్తిమీదే." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఉంది. ఫీజు ఆన్‌లైన్ వాళ్లకంటే ఎక్కువే తీసుకుంటాను. ముందే చెప్తున్నా."

"ఫోను చేస్తే మీరే ఎత్తుతారా?"

"తింటున్నా ఎత్తాను కదా!"

మూడు వారాల తర్వాత బెరిల్ ఆమెను ఆఫీసుకి రమ్మంది. బల్ల మీద ఇంటి పటం పరిచి ఉంది.

"నువ్వు పడుకునే గది కింద ఏముంది?"

"సందు. వెనక పెరళ్లలోకి పోయే దారి. చెత్తడబ్బాలు పెట్టుకుంటాం."

"ఆ సందు నువ్వు కొనే ఇంటి కాగితాల్లో లేదు. నేలా, రెండువైపులా గోడలూ పక్కింటాయనవి. గది నీది, దాన్ని మోసేది ఆయన గోడ. రేపు ఆయన గోడ తీసేస్తానంటే? నీ గదికి మరమ్మతు చెయ్యాలంటే నిచ్చెన ఎక్కడ వేస్తావు? నూట నలభై ఏళ్లుగా ఎవరూ కాగితం రాసుకోలేదు."

"ఎవరూ గోడ తియ్యలేదు కదా."

"ఆ మాట బ్యాంకుతో చెప్పు. నేను నీకూ లాయర్నే, వాళ్లకీ లాయర్నే. దాచడానికి వీల్లేదు, రాసి పంపాను. ఆయన సంతకంతో ఒప్పందం వస్తే తప్ప లోను ఇవ్వం అంటున్నారు. గోడ కూల్చనని, నిచ్చెన వేసుకోనిస్తానని. అది సెప్టెంబరు ముప్పైలోగా కావాలి. ఆ తర్వాత ఆ లోనే ఉండదు." బెరిల్ కళ్లద్దాలు తీసింది. "పక్కింటాయనతో ఎలా ఉంటావు?"

పక్కింటి వాల్టర్ గ్రీన్‌వుడ్ ఏడేళ్లుగా గ్లెనిస్‌తో మాట్లాడడం లేదు. ఎదురుపడితే గోడకేసి చూస్తూ పోతాడు. రెండేళ్ల కిందట ఆయన భార్య నోరా పోయినప్పుడు గ్లెనిస్ పూలు తీసుకెళ్తే గుమ్మంలోనే అందుకుని తలుపేసుకున్నాడు. కారణమేమిటో ఆమె అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని ఎక్కడో భయం.

ఆదివారం పొద్దున్నే వెళ్లి తలుపు కొట్టింది. విషయమంతా గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"నేనెందుకు పెట్టాలి సంతకం?" అన్నాడు వాల్టర్. "నేను ఇల్లు అమ్ముకోవట్లేదు. నన్నిక్కణ్ణించి శవప్పెట్టెలోనే తీసుకెళ్తారు."

"మీరు నాతో మాట్లాడ్డం ఎందుకు మానేశారు వాల్టర్ గారూ?"

ఆయన ఈ ప్రశ్న కోసం ఏడేళ్లుగా కాచుక్కూర్చున్నట్టు వెంటనే అందుకున్నాడు.

"నవంబరు నెల. జోరున వాన. నోరాకి హాలిఫాక్స్ ఆసుపత్రిలో అపాయింట్‌మెంటు. స్టాపులో నిలబడి చెయ్యెత్తింది. నువ్వు ఆపకుండా పోయావు. తడిసి ముద్దై ఇంటికొచ్చింది."

"బస్సు నిండిపోయింది. నిండితే ఆపకూడదండీ."

"నిండిందని నాకూ తెలుసు. ఆవిణ్ణి చూశావా, లేదా?"

చూడలేదు అంటే సరిపోయేది. వైపర్లు, వాన, మసక అద్దం. ఎవరు కాదంటారు? ఇల్లు చేతికొచ్చేది కూడా.

"చూశాను," అంది గ్లెనిస్. "ఎర్ర గొడుగు పట్టుకుంది. జనాన్ని కాస్త సర్దుకోమంటే ఒక్కరికి చోటు దొరికేది. అప్పటికే పన్నెండు నిమిషాలు ఆలస్యం. మొహం తిప్పుకుని పోయాను."

వాల్టర్ తలుపు గడియను తడిమాడు.

"నోరా నిన్ను వెనకేసుకొచ్చేది. ఆ పిల్ల చూసుండదు, చూస్తే ఆపేది అనేది. చూసే ఉంటుందని నేను. పోయేదాకా మా ఇద్దరికీ ఇదే వాదన." గడియ వదిలేశాడు. "అంటే నేనే గెలిచాను."

గెలిచినవాడిలా లేడు. "టీ పెట్టాను, చల్లారిపోతోంది," అని లోపలికి నడిచాడు. తలుపు మాత్రం వెయ్యలేదు. రమ్మన్నాడో లేదో తెలియక గ్లెనిస్ గుమ్మంలో తచ్చాడి, చివరికి బూట్లు విప్పి లోపలికి వెళ్లింది.

వాల్టర్ ఒప్పుకున్నాడు కానీ సంతకం ఆరోజు పెట్టలేదు. ఆయనకి వేరే లాయరు ఉండాలి, ఫీజు గ్లెనిస్ ఇచ్చుకోవాలి అని బెరిల్ చెప్పింది. ఆ లాయరు సెలవులకు పోయాడు. తిరిగొచ్చాక ఒక మాట మార్చాలన్నాడు. వాల్టర్ తన వంతుగా, ఆమె నిచ్చెన వేసేముందు తలుపు కొట్టి చెప్పాలని ఒక వాక్యం రాయించి, అప్పుడు సంతకం పెట్టాడు. బ్యాంకు ఒకే కాగితాన్ని మూడుసార్లు పంపమంది. ముప్పయ్యో తేదీ దగ్గరపడుతుంటే బెరిల్ రోజూ బ్యాంకుకు ఫోను చేసి, మేనేజరు దొరికేదాకా లైను పెట్టెయ్యకుండా కూర్చుని, రెండు వారాల గడువు సంపాదించింది.

"ఆన్‌లైన్ వాళ్లయితే ఇలా కూర్చునేవారు కాదేమో," అంది గ్లెనిస్.

"నా బిల్లు చూసి అప్పుడు పొగుడు," అంది బెరిల్.

అక్టోబరు రెండో శుక్రవారం మధ్యాహ్నం ఇల్లు ఆమె పేరు మీదికి వచ్చింది. ఆ సమయానికి ఆమె బర్న్‌లీ రోడ్డు మీద బస్సు నడుపుతోంది. చివరి స్టాపులో దిగి, బెరిల్ పెట్టిన మెసేజీ రెండుసార్లు విని, అక్కడి మెట్టు మీద కూర్చుండిపోయింది. తీసుకోవాల్సిన తాళంచెవులు కూడా లేవు, పద్నాలుగేళ్లుగా జేబులోనే ఉన్నాయి.

సాయంత్రం ఇంటికి చేరేసరికి వాల్టర్ గుమ్మం ముందు నిలబడి పైకి చూస్తున్నాడు.

"అయిపోయిందటగా?"

"అయిపోయిందండీ."

"మంచిది. మీ చూరు గొట్టం పగిలి నా గోడ మీద కారుతోంది. మూడేళ్లుగా మీ యజమానికి ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయాను." ఆమెకేసి తిరిగాడు. "ఇప్పుడు నువ్వే కదా యజమానివి?"

గ్లెనిస్ సంచీ కింద పెట్టి, తనూ తలెత్తి పైకి చూసింది.

"రేపు నాకు సెలవే," అంది. "మీ దగ్గర నిచ్చెన ఉందా?"